గవర్నరు ‘ఇష్టం’ ఉన్నంతవరకేనా ముఖ్యమంత్రి పదవి?

ప్రశ్న: పౌరశాస్త్ర అధ్యాపకురాలు, తెనాలి

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వం పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నేను తృప్తికరమైన జవాబు చెప్పలేకపోయాను. వారం రోజులుగా అది నా మనసులోంచి పోవడం లేదు. రాజ్యాంగం 164వ అధికరణం మొదటి ఖండం ప్రకారం ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తారు. మిగిలిన మంత్రులను ముఖ్యమంత్రి సలహాపై నియమిస్తారు. మంత్రులు గవర్నరు ఇష్టమున్నంతవరకు పదవిలో ఉంటారు. ఇది బోర్డు మీద రాయగానే ఆ అమ్మాయి, “గవర్నరుకు ఇష్టం లేకపోతే మర్నాడే దింపేయవచ్చు కదా, మరి మనం ఓట్లు వేయడం దేనికి?” అంది. అలా దింపడానికి వీలులేదని నేను చెప్పేలోపే వెనక వరుసలోని ఇంకో విద్యార్థి, 1984లో రామారావు గారి విషయంలో జరిగింది అదే కదా అని గుర్తుచేశాడు.

ఆ తర్వాత రాజ్యాంగ సవరణ ఏదైనా చేసి ఆ మాటను తీసేశారా? తీసేయకపోతే ఈనాడు గవర్నరును ఆపుతున్నది ఏమిటి? పిల్లలకు పరీక్షలో రాసే జవాబు కాకుండా నిజమైన జవాబు చెప్పాలని ఉంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: విశ్రాంత న్యాయవాది, హైదరాబాద్

అధ్యాపకురాలు గారికి నమస్కారం. మీ విద్యార్థిని సరైన చోటే వేలు పెట్టింది. ఆ వాక్యాన్ని ఎవరూ సవరించలేదు. 1950లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మారినదల్లా దాన్ని చదివే పద్ధతి. అది మారడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

ముందుగా దాని పక్కనే ఉన్న రెండో ఖండాన్ని బోర్డు మీద రాయండి. మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలని అది చెబుతుంది. మొదటి ఖండంలోని ‘ఇష్టం’ గవర్నరు సొంత ఇష్టమే అయితే రెండో ఖండానికి అర్థమే ఉండదు. రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు ఇచ్చిన వివరణ కూడా ఇదే దారిలో ఉంది: సభ విశ్వాసం పోయిన మంత్రిమండలి పట్ల ఆ ‘ఇష్టం’ కొనసాగదన్నదే ఆ మాటకు అర్థమని ఆయన చెప్పారు. అంటే గవర్నరు ఇష్టం సభ విశ్వాసానికి నీడ వంటిది. దానికి వేరే ఉనికి లేదు.

అయితే కోర్టులు మొదటి నుంచీ ఇలా చదివాయనుకుంటే పొరపాటు. 1967 నవంబరు 21న పశ్చిమ బెంగాల్ గవర్నరు ధర్మవీర అక్కడి ముఖ్యమంత్రి అజయ్ ముఖర్జీని తొలగించి ప్రఫుల్ల చంద్ర ఘోష్‌ను నియమించారు. కొందరు సభ్యులు మద్దతు ఉపసంహరించుకున్నందున సభను వెంటనే పిలవాలని గవర్నరు కోరితే, మంత్రిమండలి డిసెంబరు 18న పిలుస్తామంది. ఆ ఆలస్యమే తొలగింపుకు కారణమైంది. విషయం కలకత్తా హైకోర్టుకు వెళితే, ఆ అధికారానికి హద్దులు లేవన్న అర్థంలో తీర్పు వచ్చింది. 1984లో మన రాజ్‌భవన్‌లో జరిగినదాన్ని ఈ నేపథ్యం లేకుండా అర్థం చేసుకోలేము.

జవాబు: అనంతపురం నుంచి ఒక పాఠకుడు

1984లో నేను డిగ్రీ చదువుతున్నాను కనుక ఆ నెల రోజులు నాకు బాగా గుర్తున్నాయి. రామారావు గారు అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న, గవర్నరు రాంలాల్ ఆయనను తొలగించి నాదెండ్ల భాస్కరరావు గారి చేత ప్రమాణం చేయించారు. పిల్లలకు చెప్పవలసిన అసలు విషయం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పదవిలో ఉన్న ముఖ్యమంత్రికి సభలో తేల్చుకునే అవకాశం ఒక్క రోజు కూడా దొరకలేదు. కొత్తగా వచ్చినవారికి మాత్రం బలం నిరూపించుకోవడానికి నెల రోజుల గడువు దొరికింది. ఆ నెల రోజులు దేనికి పనికివస్తాయో ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్నవారికి కూడా తెలుసు.

శాసనసభ్యులను కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించవలసి రావడం, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి వారందరినీ ఢిల్లీకి తీసుకువెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట నిలబెట్టడం ఇవన్నీ ఆ గడువు వల్ల వచ్చిన అవస్థలే. సభలో పది నిమిషాల్లో తేలవలసిన లెక్క రాష్ట్రాలు దాటి తిరిగింది. చివరకు రాంలాల్ వెళ్లిపోయి శంకర్‌దయాళ్ శర్మ గారు గవర్నరుగా వచ్చాక, సెప్టెంబరు 16న, రామారావు గారు తిరిగి ప్రమాణం చేసి, ఆ తర్వాత సభలో బలం నిరూపించుకున్నారు. ఇది ఏ కోర్టు తీర్పుతోనూ జరగలేదు, జనం రోడ్డు మీదికి రావడం వల్ల జరిగింది. అందుకే ఆ విజయాన్ని తలచుకుని సంతోషించినప్పుడల్లా, జనం కదలని రాష్ట్రంలో ఇదే జరిగి ఉంటే ఏమయ్యేదన్న భయం కూడా నాకు కలుగుతుంది.

జవాబు: బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడిని

ఆ భయానికి సమాధానం దొరికింది మా కర్ణాటక కేసులోనే. 1989 ఏప్రిల్‌లో జనతాదళ్‌కు చెందిన ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైకి మద్దతు ఉపసంహరించుకుంటున్నట్లు 19 మంది సభ్యుల పేర్లతో లేఖలు గవర్నరుకు అందాయి. మర్నాడే వారిలో ఏడుగురు తమ సంతకాలను తప్పుదారి పట్టించి తీసుకున్నారని రాసి ఇచ్చారు. సభలో బలం నిరూపించుకుంటానని, కావాలంటే సమావేశాన్ని ముందుకు జరుపుతానని బొమ్మై అన్నా వినకుండా గవర్నరు నివేదిక పంపడం, ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన రావడం జరిగిపోయాయి. ఆ గవర్నరు మన కర్నూలు జిల్లాకు చెందిన పెండేకంటి వెంకటసుబ్బయ్య గారు. తెలుగువాడిగా ఇది చెప్పడానికి నాకు బాధగా ఉన్నా చెప్పకుండా ఉండలేను.

1994 మార్చి 11న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పులో, ప్రభుత్వానికి బలం ఉందా లేదా అన్నది గవర్నరో రాష్ట్రపతో తమంతట తాము నిర్ణయించే విషయం కాదని, అది సభలోనే తేలాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సభ్యులు స్వేచ్ఛగా ఓటు వేయలేనంత హింస ఉన్నప్పుడు తప్ప దీనికి మినహాయింపు లేదు.

జవాబు: విశ్రాంత న్యాయవాది, హైదరాబాద్

బెంగళూరు మిత్రులు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. బొమ్మై తీర్పు రాష్ట్రపతి పాలనకు సంబంధించిన 356వ అధికరణం మీద వచ్చింది. 164వ అధికరణం కింద ముఖ్యమంత్రిని తొలగించిన కేసు కాదు. 1984కు నేరుగా సరిపోలే ఉదాహరణ కావాలంటే 1998 ఫిబ్రవరి 21ని చూడాలి. ఉత్తరప్రదేశ్ గవర్నరు రొమేశ్ భండారీ కల్యాణ్ సింగ్‌ను తొలగించి ఆ రాత్రే జగదంబికా పాల్ చేత ప్రమాణం చేయించారు. అలహాబాద్ హైకోర్టు కల్యాణ్ సింగ్‌ను తిరిగి నిలబెట్టింది. సుప్రీంకోర్టు ఇద్దరి బలాన్నీ ఒకే సభలో లెక్కించమంది. ఫిబ్రవరి 26న కల్యాణ్ సింగ్‌కు 225, పాల్‌కు 196 ఓట్లు వచ్చాయి. మన దగ్గర నెల రోజులు పట్టినది అక్కడ అయిదు రోజుల్లో ముగిసింది.

జవాబు: అనంతపురం నుంచి ఒక పాఠకుడు

ఒక సందేహం. బలం పోయిన ముఖ్యమంత్రి సభను పిలవకుండా కాలం గడుపుతుంటే గవర్నరు చేతులు కట్టుకుని కూర్చోవాలా? 1995 ఆగస్టులో సభ్యుల్లో ఎక్కువమంది చంద్రబాబు నాయుడు గారి వైపు వెళ్లిపోయాక రామారావు గారు శాసనసభ రద్దుకు సిఫారసు చేశారు కదా.

జవాబు: విశ్రాంత న్యాయవాది, హైదరాబాద్

చేతులు కట్టుకోనవసరం లేదు, అయితే ఆయన చేయవలసింది బలాన్ని సభలో నిరూపించమని అడగడం. 1995లో గవర్నరు కృష్ణకాంత్ చేసింది కూడా అదే: రద్దు సిఫారసును అమలు చేయకుండా బలం నిరూపించుకోమన్నారు, రామారావు గారు రాజీనామా చేశారు, సెప్టెంబరు 1న చంద్రబాబు గారు ప్రమాణం చేశారు. ఆనాటి పార్టీ వ్యవహారం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, గవర్నరు పాత్ర వరకు చూస్తే 1984కూ దీనికీ చాలా తేడా ఉంది.

అలాగని బలపరీక్షకు ఆదేశించే అధికారానికీ హద్దు లేకపోలేదు. మహారాష్ట్రలో 2022 జూన్‌లో గవర్నరు అలా ఆదేశించడానికి తగిన ఆధారం లేదని 2023 మే 11న సుప్రీంకోర్టు తేల్చింది. కాని ఉద్ధవ్ ఠాక్రే పరీక్షను ఎదుర్కోకుండానే రాజీనామా చేసినందువల్ల ఆయనను తిరిగి నియమించలేమంది. ముఖ్యమంత్రి తానుగా వదిలిన పదవిని కోర్టు తెచ్చి ఇవ్వలేదన్న ఈ సంగతిని పిల్లలకు తప్పక చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: తెనాలి

అందరికీ కృతజ్ఞతలు. రెండు ఖండాలనూ పక్కపక్కన రాసి, తర్వాత 1984, 1998 తేదీలను వాటి కింద వేసి చూపిస్తాను. ఒక్కటి మిగిలింది: కొత్త ముఖ్యమంత్రికి ఇచ్చే గడువు ఎన్ని రోజులో రాజ్యాంగంలో ఎక్కడైనా ఉందా?

జవాబు: బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడిని

లేదండీ. సభలో స్పష్టమైన ఆధిక్యం లేని పార్టీ నాయకుడు 30 రోజుల్లోగా విశ్వాస ఓటు కోరాలని 1983లో ఏర్పడిన సర్కారియా కమిషన్ సూచించింది, కాని అది సూచన మాత్రమే. 2018లో ఇక్కడ 222 స్థానాల్లో 104 గెలిచిన పార్టీ తరఫున యడ్యూరప్ప మే 17న ప్రమాణం చేసినప్పుడు గవర్నరు 15 రోజులు ఇచ్చారు. సుప్రీంకోర్టు దాన్ని మే 19 సాయంత్రం నాలుగు గంటలకు కుదించింది. ఓటింగు మొదలయ్యేలోపే ఆయన రాజీనామా చేశారు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నంతసేపూ, 1984లో మనకూ ఇలాంటి ఆదేశం ఒకటి వచ్చి ఉంటే శాసనసభ్యులు మా ఊరి కొండల్లో తలదాచుకోవలసిన అవసరం ఉండేది కాదు కదా అనిపించింది.