అప్‌డేట్: పూల లోయ చూసొచ్చాం, తర్వాతి ప్లాన్ ఇదీ

ఏడాది పొడవునా మన దేశంలోనే వేర్వేరు చోట్ల ట్రెక్కింగ్ చేయాలనుంది, ఏ నెలలో ఎక్కడికెళ్తే బాగుంటుందని అడిగాను, గుర్తుందా? "ముందు చోటు కాదు, సీజన్ చూసుకోండి" అన్నవాళ్ళకి చాలా థాంక్స్. ప్లానంతా ఆ మాట మీదే వేశాం.

ఆగస్టులో ఉత్తరాఖండ్ పూల లోయకి వెళ్ళొచ్చాం. గోవింద్‌ఘాట్ వైపు నుంచి లోయకి దగ్గర్లోని ఊరు ఘంఘారియాకి నడిచి అక్కడే మకాం పెట్టాం, లోయలో రాత్రి ఉండనివ్వరు. పొద్దున్నే గేటు తెరవగానే బయల్దేరండి. సన్నటి వానలో, రాళ్ళ సందున ఒక నీలి పాపీ కనబడింది. రేకులు ఉల్లిపొరంత పల్చన, కాడ నిండా ముళ్ళలాంటి నూగు. ఆ ఒక్క పువ్వు కోసం అంత దూరం మళ్ళీ వెళ్ళమన్నా వెళ్తాను.

మర్నాడు అక్కడికి దగ్గర్లోని సిక్కు గురుద్వారా హేమకుండ్ సాహిబ్. దాదాపు 4,300 మీటర్ల ఎత్తు, దారంతా ఎక్కుడే. ముందురోజు లోయలో నడిచి ఉండటం బాగా పనికొచ్చింది. వానాకాలం కదా, ఆ రూట్లో కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేస్తుంటారు. చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోండి, తిరుగు టికెట్ విషయంలో మరీ ముఖ్యం.

ఇక తర్వాతి ప్లాన్: అక్టోబరులో కర్ణాటకలోని కుద్రేముఖ్, అటవీశాఖ పర్మిషన్ ముందే తీసుకోవాలి. డిసెంబరులో మంచు కోసం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం. ఏప్రిల్‌లో రోడోడెండ్రాన్ పూలు పూసేటప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని సందక్‌ఫూ శిఖరం, 3,636 మీటర్లు. అమ్మ కూడా వస్తానంటోంది, 60 దాటాయి. తనని ఆ ట్రెక్ మొదలయ్యే ఊరు మానేభంజన్ నుంచి ల్యాండ్‌రోవర్ జీపులో పంపి మేం నడుద్దామనుకుంటున్నాం. పెద్దవాళ్ళతో అలా వెళ్ళినవాళ్ళుంటే, దారిలో రాత్రి ఎక్కడ ఆపితే మంచిదో చెప్పండి.