బ్రేక్ వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ వణుకు: డిస్కులు మార్చినా తగ్గలేదు

నా ఫోర్ వీల్ డ్రైవ్ వాహనానికి ముందువైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), డిస్క్ బ్రేకులు, వెనుక డ్రమ్ములు ఉన్నాయి. గంటకు 90 నుంచి 70 కిలోమీటర్ల మధ్య మోస్తరుగా బ్రేక్ నొక్కితే స్టీరింగ్ కుడి ఎడమలకు వణుకుతుంది. వేగం 50 కంటే తగ్గాక వణుకు ఆగిపోతుంది. పొడవైన దిగుడులో బ్రేకులు వేడెక్కాక ఇది మరింత ఎక్కువవుతుంది. బ్రేక్ వేయనంత వరకు ఏ వేగంలోనూ వణుకు లేదు, కనుక చక్రాల బ్యాలెన్సింగ్‌పై నాకు అనుమానం లేదు. అయినా అదీ చేయించాను.

ముందు డిస్కులు, ప్యాడ్లు కొత్తవి వేయించి, హబ్ ముఖంపై తుప్పు గీకించి, డయల్ గేజితో కొలిపిస్తే డిస్కు ఊగు (తిరిగేటప్పుడు పక్కలకు ఊగడం, రనౌట్) 0.03 మిల్లీమీటర్లే వచ్చింది. వీల్ నట్లను టార్క్ రెంచితో, ఎదురెదురు వరుసలో బిగించాం. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు సాఫీగా కదులుతున్నాయి, చక్రం ఎత్తి ఊపితే బేరింగులో వదులు లేదు. ఇంత చేశాక వణుకు కొంతకాలం తగ్గి, మళ్లీ మొదలైంది. ఖాళీ రోడ్డుపై, వెనుక డ్రమ్ములను మాత్రమే పట్టే హ్యాండ్ బ్రేకును మెల్లగా లాగి చూస్తే స్టీరింగ్ నిశ్చలంగానే ఉంది.

స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపులను అణచే షాక్ అబ్జార్బర్ లాంటి భాగం) మార్చమని మెకానిక్ అంటున్నారు. అది లోపాన్ని కప్పిపుచ్చుతుందే తప్ప తీర్చదని నా అభిప్రాయం. ఇంజిన్ నడుస్తుండగా, చక్రాలు నేలపైనే ఉంచి స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పిస్తే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా పట్టి ఉంచే కడ్డీ) చివరి రబ్బరు బుష్ దగ్గర స్వల్ప కదలిక కనిపించింది, కానీ అది రబ్బరుకు సహజమైన సాగుడే కావచ్చు.

భాగాలు విప్పకముందే, ఈ వణుకుకు మూలం పాన్‌హార్డ్ రాడ్ బుష్షా, కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం మళ్లే కీలు) బేరింగా అన్నది ఏ పరీక్షతో ఖచ్చితంగా తేల్చుకోవచ్చు?