ఇసుక యానిమేషన్‌లో ఫ్రేము ఫ్రేముకీ వెలుతురు మారిపోతోంది, ఎలా ఆపాలి?

యూనివర్సిటీలో యానిమేషన్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రయోగాల కోర్సు కోసం గాజు పలక మీద ఇసుక పరిచి, కింద ఎల్ఈడీ ప్యానెల్ పెట్టి, పైనుంచి డీఎస్ఎల్ఆర్ కెమెరాతో ఒక్కో ఫ్రేమూ తీస్తున్నాను. సెకనుకు 12 ఫ్రేములు. ప్లే చేస్తే బొమ్మంతా మిణుకుమిణుకుమంటోంది.

అన్నీ మాన్యువల్‌లోనే ఉన్నాయి: ఐఎస్ఓ 100, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8, వైట్ బ్యాలెన్స్ 5600 కెల్విన్. కర్టెన్లు మూసేశాను, నల్ల చొక్కా వేసుకున్నాను. మొదట డిమ్మర్ సగంలో, షట్టర్ 1/125లో ఉండేది, ఐఎస్ఓ కూడా ఎక్కువే. డిమ్మర్ పూర్తిగా పెంచి షట్టర్ 1/30కి తెచ్చాక మిణుకు సగానికి తగ్గింది, పోలేదు. ఇసుక లేకుండా ఖాళీ గాజునే 24 ఫ్రేములు తీసినా, ఒక వరస అంటూ లేకుండా నాలుగైదు ఫ్రేములు కాస్త నల్లగా వచ్చాయి.

మిణుకు తీసేసే డీఫ్లికర్ సాఫ్ట్‌వేర్ వాడితే ఇసుక పలచబడే చోట వచ్చే నీడల మెట్లను కూడా చదును చేసేసింది. నాకు కావలసింది ఆ నీడలే.

లెన్సును ఎఫ్/1.8కి పూర్తిగా తెరిచి, షట్టర్ సరిచేసి తీస్తే మిణుకు మాయమైంది. పూర్తిగా తెరిచినప్పుడు అపెర్చర్ మూసుకోనక్కర్లేదు; అంటే ఎఫ్/8లో ప్రతి షాటుకీ అది ఒకేలా మూసుకోవడం లేదనుకుంటున్నాను. కానీ అంత తెరిస్తే ఇసుక కుప్పల అంచులు మసకబారుతున్నాయి.

కొత్త లెన్సు కొనకుండా, ఫ్రేముల మధ్య అపెర్చర్‌ను ఎఫ్/8 దగ్గరే కదలకుండా నిలపడం ఎలా?