ఒక్కరే ఉన్నప్పుడు బ్రేక్ బ్లీడింగ్: ఏ పనిముట్టు కొనాలి?

మొదటిగేర్
ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ ఉన్న కారు. ముందువైపు ఒక క్యాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టే భాగం) మార్చాలి, పనిలో పనిగా పాత బ్రేక్ ఆయిల్ మొత్తం తీసి కొత్తది ఎక్కించాలి, లైన్లలో చేరిన గాలి బయటికి తీయాలి (అదే బ్లీడింగ్). పెడల్ తొక్కిపెట్టడానికి ఇంకో మనిషి లేరు. చేతి వ్యాక్యూమ్ పంపు, ప్రెషర్ బ్లీడర్, వన్‌వే వాల్వు పైపు, మూడూ చూశాను. ఒక్కటే కొనాలంటే ఏది?

పానాపట్టు
ఒక్కటే అంటే ప్రెషర్ బ్లీడర్. కారు బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి దాని స్థానంలో దీని మూత బిగిస్తారు, పంపు కొట్టి బ్లీడర్ ట్యాంకులో ఒత్తిడి పెడతారు. ఇక పెడల్‌తో పని లేదు. చక్రం దగ్గర కూర్చుని నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) పావు చుట్టు వదులు చేస్తే ఆయిల్ ఆగకుండా వస్తూనే ఉంటుంది. తొక్కి వదిలే పద్ధతిలో బుడగ కాస్త ముందుకు, కాస్త వెనక్కి ఆడుతుంది. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. డబ్బా మధ్యలో ఖాళీ అయిపోతుందన్న భయం కూడా తగ్గుతుంది.

కొనేటప్పుడు ట్యాంకు సైజు కాదు, మూత చూడండి. యూరప్ కార్లలో చాలావాటికి 45 మి.మీ. మర మూత పడుతుంది. మిగతావాటికి కొలిచి తీసుకోవాలి. గొలుసులతో కట్టే రేకు ప్లేటు రకం అన్నిటికీ సరిపోతుందంటారు గానీ, రబ్బరు ఎక్కడో ఒకచోట లేచి ఆయిల్ కక్కుతుంది. బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు ఉబ్బి లేచిపోతుంది. పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకోండి, పడిన వెంటనే కడిగేయాలి, తుడిస్తే చాలదు.

ఒత్తిడి 10 నుంచి 15 పీఎస్ఐ చాలు, 20 దాటనివ్వొద్దు. డబ్బా ప్లాస్టిక్కు, పైగా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి నెట్టేది) మీద రబ్బరు రింగుల్లో గుచ్చి ఉంటుంది. ముందు ట్యాంకులో ఆయిల్ పోయకుండా ఉత్త గాలితో 10 పీఎస్ఐ పెట్టి, ఐదు నిమిషాలు మీటరు ముల్లు చూడండి. ముల్లు దిగితే మూత దగ్గర లీకు. నిలబడితేనే ఆయిల్ పోయండి.

నిదానంరాజు
క్యాలిపర్ మార్చడం ఒక్కసారి పనే అయితే అంత పెట్టక్కర్లేదు. నిపుల్‌కి గట్టిగా పట్టే పారదర్శక పైపు, చివర వన్‌వే వాల్వు, ఒక సీసా, ఇంతే. నిపుల్ వదులు చేసి, వెళ్లి పెడల్ నిదానంగా తొక్కి వదలడం. వదిలినప్పుడు వాల్వు మూసుకుంటుంది కాబట్టి పైపులోది వెనక్కి రాదు. ఎనిమిది, పది తొక్కుళ్లకు ఒకసారి దిగి డబ్బాలో మట్టం చూడాలి. అది కనీస గీత కిందికి పోతే గాలి మాస్టర్ సిలిండర్‌లోకి పోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది.

పైపు లోపలి వ్యాసం 5 మి.మీ. ఉంటే చాలా నిపుల్స్‌కి బిగువుగా పడుతుంది. పైపును నిపుల్ నుంచి ముందు పైకి తీసుకెళ్లి, ఆ తర్వాతే సీసాలోకి వంచండి. బుడగలు పైకి తేలి పోతాయి, నిపుల్ నోటి దగ్గర ఎప్పుడూ ఆయిలే ఉంటుంది.

పానాపట్టు
నిదానంరాజు గారు చెప్పింది సరే, కానీ పాత కారైతే ఒక జాగ్రత్త. మామూలుగా నడిపేటప్పుడు పెడల్ సగం దాకానే వెళ్తుంది. ఆ అవతల మాస్టర్ సిలిండర్ గోడకు తుప్పు, మడ్డి పట్టి ఉంటాయి. బ్లీడింగ్‌లో నేలకంటా తొక్కితే లోపలి రబ్బరు సీళ్లు ఆ గరుకు మీద రాసుకుని దెబ్బతింటాయి. పెడల్ కింద ఒక చెక్క దిమ్మ పెట్టి, పూర్తిగా దిగకుండా ఆపండి.

నిదానంరాజు
ఒప్పుకుంటాను. దిమ్మ తప్పనిసరి.

గాలిబుడగ
వ్యాక్యూమ్ పంపు గురించి ఎవరూ చెప్పలేదు. దానికీ ఒక వాడకం ఉంది: డబ్బాలోని నల్లబడ్డ ఆయిల్ పీల్చేసి కొత్తది పోయడానికి. నిపుల్ దగ్గర పెడితే మాత్రం తికమక పెడుతుంది. నిపుల్ వదులు కాగానే పంపు దాని మరచుట్ల సందుల్లోంచి బయటి గాలిని కూడా లాగుతుంది. పైపులో సోడా బుడగల్లాంటి సన్నటి నురుగు ఆగకుండా వస్తూనే ఉంటుంది, లోపల ఇంకా గాలి ఉందనుకుని లీటరు ఆయిల్ పారబోస్తారు. లైనులోంచి వచ్చే అసలు గాలి అలా ఉండదు: పెద్ద బుడగ ఒకటో రెండో, తర్వాత కాసేపు శుభ్రమైన ఆయిల్, మళ్లీ ఒక బుడగ, ఆపై నిలిచిపోతుంది. నురుగు తగ్గాలంటే నిపుల్ విప్పి మరచుట్లకు టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టాలి. మొన కోసుగా ఉండే భాగానికి, పక్క చిల్లుకి మాత్రం టేపు తగలకూడదు.

మొదటిగేర్
నిపుల్‌లోనే వాల్వు ఉండే స్పీడ్ బ్లీడర్లు?

గాలిబుడగ
పనిచేస్తాయి. మర సైజు, పొడవు, కొన కోణం పాతదానితో పోల్చి తీసుకోవాలి. లోపలి స్ప్రింగు తుప్పు పట్టే చోట ఉంటుంది, కాబట్టి రబ్బరు టోపీ లేకుండా వదలొద్దు.

స్కానర్‌సుబ్బు
ఏబీఎస్ సంగతి తేల్చుకోండి. క్యాలిపర్ మార్చేటప్పుడు లైను ఊడదీసినచోట నుంచి ఆయిల్ కారుతూ డబ్బా ఖాళీ కాకపోతే, గాలి ఏబీఎస్ మాడ్యూల్ (వాల్వులు, మోటారు ఉండే పెట్టె) దాకా వెళ్లదు, మామూలు బ్లీడింగ్ చాలు. ఖాళీ అయితే మాడ్యూల్ లోపలి వాల్వుల వెనక గాలి ఇరుక్కోవచ్చు. అది ఏ పంపుకీ పూర్తిగా రాదు. ఏబీఎస్ బ్లీడింగ్ ఫంక్షన్ ఉన్న స్కానర్‌తో వాల్వులు, మోటారు ఆడించాలి. అందుకే ఊడదీసిన పైపు కొనకు రబ్బరు టోపీ ముందే సిద్ధంగా ఉంచుకోవాలి, అది ఏ బ్లీడర్ కన్నా ఎక్కువ శ్రమ ఆదా చేస్తుంది.

చక్రాల వరస మాన్యువల్ చూసి పాటించండి. దూరపు చక్రం నుంచి మొదలుపెట్టాలన్నది పాత మాట. లైన్లు ఐమూలగా విడిపోయిన కార్లలో వరస వేరుగా ఉండొచ్చు.

డ్రమ్ముమీద
కొత్త క్యాలిపర్‌కి నిపుల్ పైవైపు ఉందో లేదో ముందు చూడండి. కుడిది ఎడమకు పడితే నిపుల్ కిందికొస్తుంది, పైన చిక్కిన గాలి ఎన్ని లీటర్లు పోసినా రాదు. నిపుల్‌కి ఆరు పలకల రింగ్ స్పానరే వాడండి, పన్నెండు పలకలది తుప్పు పట్టిన నిపుల్ మూలలు తినేస్తుంది. ముందురోజే తుప్పు వదిలే నూనె వేసి ఉంచితే మంచిది.

గాలి మొత్తం పోయినా పెడల్ లోతుగా దిగుతుంటే హ్యాండ్‌బ్రేకు లాగి తొక్కి చూడండి. అప్పుడు పెడల్ పైనే గట్టిపడితే తప్పు గాలిది కాదు, వెనక డ్రమ్ముకూ బ్రేక్ షూలకూ మధ్య సందు ఎక్కువైంది, అడ్జస్టర్ తిప్పాలి.

మొదటిగేర్
ప్రెషర్ బ్లీడరే తీసుకుంటాను, పెడల్ కింద దిమ్మ కూడా పెడతాను. ఆయిల్ ఎంత తేవాలి? ట్యాంకులో మిగిలింది దాచొచ్చా?

పానాపట్టు
లీటరు చాలు. డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 4 అని ఉంటే అదే, డాట్ 5 మాత్రం పొయ్యొద్దు, అది సిలికాన్, వీటితో కలవదు. చివర్లో ముందు ట్యాంకు గాలి వదిలి, ఆ తర్వాతే డబ్బా మీది మూత విప్పండి. డబ్బా నిండుగా ఉంటుంది, గరిష్ఠ గీత దాకా సిరంజితో తీసేయండి. మిగిలింది దాచొద్దు. డాట్ 4 మరిగే వేడి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155కి పడిపోవచ్చు. ట్యాంకులోకి కొట్టిన గాలిలోని తేమ దానికి అప్పటికే తగిలి ఉంటుంది.