కాన్పు పుట్టింట్లో, రిపోర్టు హైదరాబాదులో: హెపటైటిస్ బి ఉన్న తల్లికి పుట్టే బిడ్డకు టీకా ఎప్పుడు వేయించాలి?

ప్రశ్న:
నా భార్యకు ఏడో నెల. హైదరాబాదులో చేయించిన రక్త పరీక్షలో హెపటైటిస్ బి పాజిటివ్ అని వచ్చింది. తనకు ఎన్నడూ కామెర్లు రాలేదు, ఇప్పుడూ ఏ బాధా లేదు. సీమంతం కాగానే కాన్పుకు ప్రకాశం జిల్లాలోని పుట్టింటికి వెళ్తుంది. బిడ్డకు పుట్టిన వెంటనే రెండు ఇంజెక్షన్లు వేయించాలని డాక్టరు గారు చెప్పారు. అంత పసిగుడ్డుకు అప్పుడే సూదులెందుకు, పురుడు అయ్యాక వేయించకూడదా అని మా అత్తగారు ఆందోళన పడుతున్నారు. తల్లిపాలు పట్టవచ్చా, ఆపరేషన్ చేయిస్తే బిడ్డకు సోకకుండా ఉంటుందా అన్నవి నా సందేహాలు. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 (పిల్లల వైద్యుడు):
ముందుగా మీ అత్తగారి ప్రశ్నకే జవాబు చెబుతాను. కాలేయానికి సోకే ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకు ఎక్కువగా కాన్పు సమయంలోనే, తల్లి రక్తం, స్రావాలు తగలడం వల్ల చేరుతుంది. పెద్దవారికి సోకితే నూటికి 95 మందికి పైగా దానిని వదిలించుకోగలరు, కానీ పుట్టిన బిడ్డకు సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోయి, ఏ లక్షణమూ చూపకుండానే ఏళ్ల తర్వాత సిరోసిస్‌కో (కాలేయం దెబ్బతిని గట్టిపడిపోవడం) కాలేయ క్యాన్సర్‌కో దారితీయవచ్చు. వైరస్ కాలేయంలో పాతుకుపోకముందే శరీరం దానిని ఎదుర్కోవాలి గనుక టీకా 24 గంటల లోపు, వీలైనంత తొందరగా పడాలి. రెండో ఇంజెక్షన్ ఇమ్యునోగ్లోబులిన్, అంటే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలు. టీకా పనిచేయడం మొదలయ్యేదాకా అవి కాపలా కాస్తాయి. దానిని 12 గంటల లోపు, టీకా వేసిన తొడకు కాకుండా రెండో తొడకు వేస్తారు. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్‌లో (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) ఈ టీకా కూడా ఉంటుంది. తైవాన్‌లో 1984 నుంచి నవజాత శిశువులకు ఈ టీకా వేస్తున్నారు, అక్కడ పిల్లల్లో కాలేయ క్యాన్సర్ గణనీయంగా తగ్గింది.

ఆపరేషన్ దీనికోసం అవసరం లేదు, తల్లిపాలు నిరభ్యంతరంగా పట్టవచ్చు. అయితే మీరు అడగని విషయం ఒకటి ఉంది. మీ భార్యకు వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష, ఈ వారమే చేయించండి. అది మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు, ఆపైన ఉంటే 28వ వారం నుంచి వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతారు, ఎందుకంటే అంత ఎక్కువ వైరస్ ఉన్నప్పుడు రెండు ఇంజెక్షన్లు వేసినా కొందరు బిడ్డలకు సోకుతుంది.

సమాధానం 2 (ప్రభుత్వ ఆసుపత్రి స్టాఫ్ నర్సు):
లేబర్ రూమ్‌లో నేను చూసినంతవరకు, పుట్టింటికి వచ్చే గర్భిణుల విషయంలో చిక్కంతా రిపోర్టు వెంట లేకపోవడం వల్లనే వస్తుంది. దాని నకలును ఎంసీపీ కార్డుకు (గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు) జతచేసి పంపండి, అక్కడి ఏఎన్‌ఎంకు (ఊరి ఆరోగ్య కార్యకర్త) ముందే చెప్పండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇమ్యునోగ్లోబులిన్ ఉచితంగా ఇస్తారు, కానీ చిన్న ఆసుపత్రుల్లో అది నిల్వ ఉండకపోవచ్చు గనుక తొమ్మిదో నెల రాకముందే కనుక్కోండి. ఒక్క బిడ్డ కోసం పది డోసుల సీసా తెరవడానికి కొందరు వెనకాడుతుంటారు. సరిగ్గా నిల్వ చేస్తే తెరిచిన సీసాను 28 రోజుల వరకు వాడవచ్చని నియమమే ఉంది కాబట్టి మర్యాదగానే గట్టిగా అడగండి.

సమాధానం 3 (ఇద్దరు పిల్లల తల్లి):
నా పెద్దబాబు శనివారం రాత్రి పుట్టాడు. సోమవారం వేద్దామని అక్కడివారు అన్నారు, మేమూ సరేనన్నాం. వాడికి ఇప్పుడు ఆరు నెలలకొకసారి కాలేయ పరీక్షలు చేయిస్తున్నాం. పాపకు మాత్రం రెండు ఇంజెక్షన్లూ కొన్ని గంటల్లోనే పడ్డాయి, తర్వాతి పరీక్షలో వైరస్ లేదని తేలింది. సెలవు రోజైనా ఆగవద్దు, మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వైరల్ లోడ్‌కు ఈ రోజే రక్తం ఇచ్చాం. మీ సమాధానాలను అత్తయ్యగారికి చదివి వినిపించగా, ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఉందో లేదో తానే వెళ్లి కనుక్కుంటానన్నారు. బిడ్డకు పరీక్ష ఎప్పుడు చేయించాలి? నేను కూడా చేయించుకోవాలా?

సమాధానం 1 ఇచ్చిన వైద్యుడు:
టీకాలన్నీ పూర్తయ్యాక, 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకు వైరస్ పరీక్షతో పాటు రక్షణ స్థాయి పరీక్ష కూడా చేయించండి. మీరు, మీ భార్య తల్లి, తోబుట్టువులు ఇప్పుడే చేయించుకోండి. నెగెటివ్ వచ్చినవారికి రక్షణ లేకపోతే మూడు డోసుల టీకా వేయించండి.