అప్‌డేట్: మా కాకటీల్‌కి పండ్లు తగ్గించాక

మా కాకటీల్ (చిలుక జాతి చిన్న పెంపుడు పిట్ట) గింజలు వదిలేసి పండ్లే తింటోంది, రెట్ట నీళ్లలా పడుతోందని పోయిన నెల అడిగాను కదా. జవాబు చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్. ఇక్కడ అనంతపురంలో డాక్టరుకి కూడా చూపించాను. జబ్బేం లేదు, పండ్లలో నీరు ఎక్కువ కాబట్టి అలా అవుతోందన్నారు. 90 గ్రాముల పిట్టకి నేను రోజూ సగం చీనీకాయ (బత్తాయి), గుప్పెడు దానిమ్మ గింజలు పెట్టేదాన్ని! ఇప్పుడు పొద్దున కొర్రలు, పెల్లెట్లు (పిట్టల కోసం తయారుచేసిన మేత గుళికలు), కాస్త కొత్తిమీర. సాయంత్రం నాలుగైదు దానిమ్మ గింజలు, లేదంటే విత్తనాలు తీసేసిన చిన్న ఆపిల్ ముక్క. మన ఎండలకి పండు తొందరగా పాడవుతుంది, అందుకే మిగిలింది గంటలో తీసేస్తున్నాను. అవకాడో మాత్రం ఎవరూ పెట్టకండి, పక్షులకి అది విషం.

మొదటి మూడు రోజులు ఒకటే అరుపులు. టెన్షన్‌తో రోజూ వంటింటి కాటాలో బరువు చూశాను, తగ్గలేదు. నాలుగో రోజు కొర్రలు ముట్టింది. రెట్ట కూడా ఇప్పుడు మామూలుగానే ఉంది.