‘గుర్తించడం’ సరిపోతుందా, ‘తడమడం’ అందామా?

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. ఇంటర్ పిల్లలకు బయాలజీ చెబుతాను. డీఎన్ఏ మరమ్మతు మీద తెలుగులో నోట్స్ రాస్తూ “దెబ్బతిన్న చోటును ప్రొటీన్లు గుర్తిస్తాయి” అన్న దగ్గర ఆగిపోయాను. గుర్తించాలంటే ముందే ఎరిగి ఉండాలి కదా. మన వైపు “నన్ను పోల్చేవా?” (గుర్తుపట్టావా) అంటాం చూడండి, ఆ ఎరుక.

కణంలో జరిగేది వేరు. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పొగలోని బెంజోపైరీన్ అనే రసాయనం కణంలోకి వెళ్లాక రూపం మార్చుకుని, డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానీన్‌కు అంటుకుంటుంది. అక్కడ డీఎన్ఏ పురి చెడి, రెండు పేటల మధ్య పట్టు సడలుతుంది. ఎక్స్‌పీసీ అనే ప్రొటీన్ ఆ సడలిన చోట దూరుతుంది. పట్టుకునేది కూడా పాడైన పేటను కాదు, ఎదుటి మంచి పేటను! ఏం అంటుకుందో దానికి తెలియనే తెలియదు.

మా అమ్మ సన్న నూలు వడికేది. చూపు వాకిట్లో, మాట పక్కింటావిడతో. ఉన్నట్టుండి వేళ్లు ఆగేవి. “ఇక్కడేటో తేడాగుందిరా” అనేది. ఆ తర్వాతే పోగును వెలుతురుకు పెట్టి చూసేది. ఎక్స్‌పీసీ చేసేదీ అదే, అందుకే ‘తడమడం’ అందామా అని. వెలుతురుకు పెట్టి చూసే పని వెనక వచ్చే టీఎఫ్ఐఐహెచ్ అనే ప్రొటీన్ల జట్టుది. పేట వెంట నడుస్తూ అడ్డు తగిలి ఆగిందంటే దెబ్బ రూఢి అయినట్టే. ఆపైన అటూ ఇటూ కోసి 24 నుంచి 32 అక్షరాల ముక్క తీసెయ్యడం, ఎదుటి పేట చూసి పూడ్చడం, లైగేజ్ అనే ఎంజైమ్ అతకడం. వీటికి మాటల కరువు లేదు.

వ్యాఖ్య: మాస్టారూ, మాట బాగుంది, కానీ అన్నిచోట్లా వాడకండి. సైటోసిన్ అనే అక్షరం పాడై యురాసిల్‌గా మారితే దాన్ని పట్టే గ్లైకోసిలేజ్ అనే ఎంజైమ్ ఉంది, 1974లో థామస్ లిండాల్ కనుక్కున్నది. అది అక్షరాన్ని బయటికి తిప్పి, తన గూట్లో సరిగ్గా ఇమిడితేనే కోస్తుంది. యురాసిల్‌ను అది ఎరుగును. అక్కడ మీ ‘పోల్చడమే’ సరి.

జవాబు: నిజమేనమ్మా. లిండాల్‌కు 2015లో నోబెల్ వచ్చిందని ఏటా క్లాసులో చెబుతూ కూడా ఈ తేడా ఆలోచించలేదు. రెండు మాటలూ ఉంచుతాను. ‘పోలుస్తుంది’ అంటే వేరే జిల్లా పిల్లలు “దేనితో?” అని అడుగుతారు కాబట్టి ఇలా రాస్తున్నాను: ఎక్స్‌పీసీ తడుముతుంది, గ్లైకోసిలేజ్ పోల్చుకుంటుంది.